మీ ఒక్కరికే అన్న మెషిన్

మధ్యాహ్నం రెండుంపావుకి అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టిన మాస్టారు, ఎవరెంత కూర్చోమన్నా కూర్చోలేదు. గోడ గడియారం కింద నిలబడి తన చేతి గడియారాన్ని దానితో సరిచూసుకున్నారు. నలభై సెకన్ల తేడా ఉంది. ఆ నలభై సెకన్లని పెన్సిలుతో నోటుబుక్కులో రాసుకున్నారు.

"ఐదింటికల్లా నేను సంతకం పెట్టాలి మాస్టారూ. లేదంటే పెట్టనని చెప్పాలి. ఆ తర్వాత ఈ ధర ఉండదట" అంది ఇన్‌ఛార్జి.

తండ్రి మొదలుపెట్టిన తొమ్మిది అంబులెన్సుల సర్వీసుని ఆవిడ పదేళ్ళుగా నడుపుతోంది. ఈ వారం రోజుల్లో మాత్రం ఆవిడకి కంటి మీద కునుకు లేదు. మూడుసార్లు బండి ఆలస్యంగా కదిలింది. బుధవారం నాడైతే ఊపిరాడని ఒక ముసలావిడ గుమ్మంలో నాలుగు నిమిషాలు ఎక్కువ ఎదురుచూసింది. ఆవిడ బతికింది. కానీ ఆవిడ కొడుకు వచ్చి ఈ గదిలో నిలబడి ఆ నాలుగు నిమిషాలూ ఏం చేశారని అడిగాడు.

పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు యంత్రాల పాఠం చెప్పిన మాస్టారు రిటైరయ్యాక ఎంచుకున్న పని ఇది. కంపెనీ చెప్పే మాటకీ, యంత్రం చేసే పనికీ మధ్య అబద్ధం ఎక్కడుందో వెతకడం. భార్య పోయాక ఇంట్లో గడియారం చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తోందని, అందుకే బయట పని చూసుకున్నానని ఒకసారి ఎవరితోనో అన్నారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

"బేరం తెచ్చిందెవరు?" అని అడిగారు.

"నేనే సార్." కిటికీ దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న యువకుడు ఆగాడు. ఇన్‌ఛార్జి తమ్ముడు. ఆఫీసులో కంప్యూటర్ల వ్యవహారమంతా అతనిదే. "డెడికేటెడ్ సర్వర్. అంటే మెషిన్ మొత్తం మన ఒక్కళ్ళకే. ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. వాళ్ళ బిల్డింగులో ఉంటుంది, వాళ్ళే చూసుకుంటారు, మనం అద్దె కడితే చాలు. మిగతా మూడు కంపెనీలు చెప్పిన అద్దెలో ఇది మూడో వంతు."

"మూడో వంతుకి ఎలా ఇస్తున్నారు బాబూ?"

"కొత్త కంపెనీ కదండీ. పేరు కోసం ఇస్తున్నారు."

"మంచిదే. చవగ్గా ఇస్తే నాకు భయం లేదు. ఎక్కడ తగ్గించారో చెప్పలేకపోతేనే భయం. డిస్కు పాడైతే ఎన్ని గంటల్లో మారుస్తారు?"

"నాలుగు గంటల్లో."

"కాగితం మీద ఉందా?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "నోటిమాటగా చెప్పారు."

"సాయం కోసం ఫోన్ చేస్తే ఎంతసేపట్లో ఎత్తుతారు?"

"ఐదు నిమిషాల్లో. రాత్రీ పగలూ మనిషి ఉంటాడు."

మాస్టారు నోటుబుక్కు తిరగేశారు. "పొద్దున పదకొండూ ఐదుకి నేను చేశాను. పాట వినిపించారు. పాట బాగానే ఉంది. పదకొండూ ముప్పై ఆరుకి మనిషి పలికాడు. ముప్పై ఒక్క నిమిషాలు."

"అంతసేపు ఎవరు పట్టుకుని ఉంటారండీ?"

"నాకు వేరే పని లేదుగా."

ఇన్‌ఛార్జికి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. "మీరు ఇవన్నీ తప్పంటే నేను పెట్టను మాస్టారూ. కానీ పాత సర్వర్ చచ్చిపోతోందని వీడంటున్నాడు. ఆ ఆలస్యాలు దానివల్లేనట. వీడు చెప్పింది నిజమైతే నేను ఆగే ఒక్కో రోజూ ఎవరి ప్రాణం మీదకి తెస్తుందో తెలీదు. నిజం కాకపోతే తప్పు అదిగో, ఆ పిల్లది."

'ఆ పిల్ల' అనిపించుకున్న మనిషికి నలభై ఏళ్ళుంటాయి. చెవులకి హెడ్‌ఫోన్, ముందు రెండు తెరలు. ఫోన్ చేసినవాళ్ళు చెప్పిన చిరునామాని తిరిగి పైకి చదివితే తప్ప కీబోర్డు మీద వేలు పెట్టదు కాబట్టి డ్రైవర్లందరూ ఆమెని చిలక అంటారు. ఆమె చిరునామా కొడితే దగ్గర్లో ఏ బండి ఉందో సర్వర్ చూసి ఆ డ్రైవరు ఫోనుకి పంపిస్తుంది. మూడు ఆలస్యాలూ ఆమె డ్యూటీలోనే జరిగాయి. సాయంత్రానికి ఆమె ఉద్యోగం సంగతి కూడా తేలిపోవాలి.

మాస్టారు ఆమె పక్కన స్టూలు లాక్కుని మొదటిసారి కూర్చున్నారు. "కునుకు పట్టిందా అమ్మా?"

"లేదండీ. పడితే ఒప్పుకునేదాన్ని. ఒకసారి పట్టింది, పోయినేడు. అప్పుడు నేనే వెళ్ళి మేడంకి చెప్పాను."

"కాల్ ఎప్పుడొచ్చిందో నీకెలా తెలుసు?"

చిలక సొరుగు లాగింది. చించిన కాగితాల వెనకవైపు, పెన్నుతో రాసిన చీటీలు. "ఇలా రాయకూడదని రూలు. సమయం కంప్యూటరే రాస్తుందిగా. నాకు మాత్రం చేత్తో రాస్తేగానీ చిరునామా బుర్రకెక్కదు."

మాస్టారు ఆ చీటీలని ఒక్కొక్కటే డ్రైవర్ల లాగ్‌బుక్ పక్కన పెట్టారు. సోమవారం: చీటీ మీద పదకొండూ పది, డ్రైవరుకి అందింది పదకొండూ పద్నాలుగు. బుధవారం: మూడూ పది, మూడూ పద్నాలుగు. గురువారం: తొమ్మిదీ పదకొండు, తొమ్మిదీ పద్నాలుగు. మిగతా వందకి పైగా కాల్స్‌లో నిమిషం తేడా ఉన్నది ఒక్కటీ లేదు.

"మూడూ పద్నాలుగో నిమిషానికే. నిద్రొచ్చే మనిషికి ఇంత క్రమశిక్షణ ఉండదు" అన్నారు ఆయన మెల్లగా. చిలక హెడ్‌ఫోన్ సర్దుకునే నెపంతో ముఖం పక్కకి తిప్పుకుంది.

"అదే కదండీ నేననేది. పాత సర్వరే" అన్నాడు తమ్ముడు.

పాత సర్వర్ వెనక గదిలో ఉంది. మాస్టారు దాని మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. రోజంతా తొమ్మిది బండ్లని నడిపించే మెషిన్ వెచ్చగా ఉండాలి. ఇది చల్లగా ఉంది. ఆయన 'చల్లగా' అని రాసుకున్నారు. ఎందుకో మాత్రం రాయలేదు, ఎందుకంటే తెలీలేదు.

"కొత్తదాని మీద ట్రయల్ నడుస్తోందన్నారు?"

"అవునండీ, వారం ఉచితం. మన ప్రోగ్రాం కాపీ ఒకటి అక్కడ పెట్టాను. చిలక రెండో తెర మీద కనిపించేది అదే. పాత మెషిన్ వాళ్ళకి ఇచ్చేస్తే మూడు నెలల అద్దె కూడా మాఫీ."

"పాతది వాళ్ళకెందుకు?"

తమ్ముడు భుజాలెగరేశాడు.

"ఒకసారి ఆ కొత్తదాన్ని కళ్ళారా చూసొస్తాను. అప్పటిదాకా పెన్ను మూత తియ్యకమ్మా" అన్నారు మాస్టారు ఇన్‌ఛార్జితో.

*

సర్వర్లు అద్దెకిచ్చే ఆ హోస్టింగ్ కంపెనీ రెండో అంతస్తులో ఉంది. మూడూ ఇరవైకి మాస్టారు మెట్లెక్కేసరికి తలుపు దగ్గర ఒక చిరపరిచితమైన నవ్వు ఎదురైంది.

"నమస్కారం మాస్టారూ. మీరొస్తున్నారని తెలిసి నేనే వచ్చాను."

ఒకప్పుడు మాస్టారి క్లాసులో ముందు బెంచీ కుర్రాడు. ఇప్పుడు సెక్యూరిటీ కన్సల్టెంటు. ఏ కంపెనీ ఏ కాగితం ముందు పెట్టినా 'పరీక్షించాను, బాగుంది' అని ముద్ర కొట్టి ఇస్తాడు కాబట్టి ఆ వృత్తిలో అందరూ అతన్ని స్టాంపు అంటారు. అతనికీ తెలుసు. పట్టించుకోడు.

"ఈ మెషిన్‌కి నువ్వే సర్టిఫికెట్ ఇచ్చావా నాయనా?"

"ఇచ్చాను. పదహారు పేజీలు. మీరు చదివే ఉంటారు."

"చదివాను. పదహారు పేజీల్లో మెషిన్ గురించి ఒక పేజీ ఉంది. మిగతా పదిహేనూ తప్పు జరిగితే నీ బాధ్యత లేదని."

స్టాంపు నవ్వు చెక్కు చెదరలేదు. "మీరు నేర్పిన జాగ్రత్తే మాస్టారూ."

సర్వర్ల గది ఐసు పెట్టెలా ఉంది. లోపల మెడకి మఫ్లర్ చుట్టుకున్న టెక్నీషియన్ ఒకడు, మాస్టారు భుజాలు ముడుచుకోవడం చూసి ఏమీ అనకుండా కుర్చీకి తగిలించిన తన రెండో స్వెట్టర్ తెచ్చి ఇచ్చాడు. అది రెండు సైజులు పెద్దది. ఆయన వేసుకున్నారు. ఆ పూట ఆయనకి ఎవరైనా అడక్కుండా ఇచ్చింది అదొక్కటే.

గాజు తలుపుల ర్యాక్‌లో కొత్త మెషిన్ తళతళలాడుతోంది. మీద అంబులెన్స్ సర్వీసు పేరుతో ముద్దుగా ఒక స్టిక్కర్.

"చూశారుగా. మీ ఒక్కళ్ళదే. వెళ్దామా?" అన్నాడు స్టాంపు.

మాస్టారు ఫోన్ తీసి చిలకకి కలిపి స్పీకర్ పెట్టారు. "అమ్మా, రెండో తెర మీద ట్రయల్ పేజీ తెరిచే ఉందా? దాన్ని పట్టుకుని రెండు సెకన్లకోసారి నొక్కుతూ ఉండు." తర్వాత టెక్నీషియన్ వైపు తిరిగారు. "బాబూ, ఈ మెషిన్‌కి వచ్చే కేబుల్ ఒక్క పది సెకన్లు పీకుతావా?"

"ఎందుకు?" స్టాంపు గొంతు మొదటిసారి ఒక మెట్టు పైకెక్కింది.

"మన మెషిన్ అయితే మన పేజీ ఆగాలి. ఇంతకంటే పెద్ద పరీక్షలేవీ నాకు రావు."

టెక్నీషియన్ స్టాంపు వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు, కేబుల్ పీకాడు. మూడూ ముప్పై నాలుగు.

"నడుస్తోందండీ" అంది ఫోన్‌లో చిలక.

"రెండో కేబుల్ ఉంటుంది, బ్యాకప్" అన్నాడు స్టాంపు.

"అదీ పీకు బాబూ."

"నడుస్తూనే ఉందండీ" అంది చిలక.

"ఇక కరెంటు."

తళతళలాడే మెషిన్ ఒక్కసారి నిట్టూర్చి ఆరిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఫోన్‌లోంచి చిలక గొంతు మాత్రం ఆగలేదు. "నడుస్తోంది... నడుస్తోంది... ఇంకా నొక్కమంటారా?"

"చాలమ్మా. లైన్‌లోనే ఉండు." మాస్టారు తన పాత శిష్యుడి వైపు తిరిగారు. "పెళ్ళిచూపుల్లో ఒక పిల్లని చూపించి ఇంకో పిల్లతో కాపురం పెట్టించారన్నమాట."

"మాస్టారూ, మీ కాలం వేరు. ఇప్పుడు ఎవరూ మెషిన్ చూడరు. పని జరుగుతుందా లేదా అన్నదే లెక్క. జరుగుతోందిగా?"

"మూడుసార్లు జరగలేదు."

"అది వాళ్ళ పాత సర్వర్ తలనొప్పి." స్టాంపు జేబులోంచి ఫోన్ తీశాడు. అది మోగలేదు. అయినా చెవికి ఆనించుకుని, "ఒక్క నిమిషం" అంటూ బయటికి నడిచాడు. మూడూ ముప్పై ఎనిమిది.

మాస్టారు టెక్నీషియన్‌ని ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పాల్సి వచ్చే మనిషిని తొందరపెట్టకూడదని ఆయనకి తెలుసు. స్వెట్టర్ చేతులు మడుచుకుంటూ ఊరికే నిలబడ్డారు. చాలాసేపటికి ఆ మనిషి ముక్కు తుడుచుకుని, "బుధవారం ముసలావిడ సంగతి పేపర్లో చూశానండీ" అన్నాడు.

"బతికింది."

"అవునా?" అతని భుజాలు కాస్త దిగాయి. "రండి."

గది చివర, స్తంభం వెనక, స్టిక్కర్ లేని నల్లటి మెషిన్. మీద చెయ్యి పెట్టగానే మాస్టారు వెనక్కి తీసుకున్నారు. అంత వేడిగా ఉంది.

"దీన్నే పన్నెండు వాటాలు చేశారండీ. పన్నెండు మందికీ 'మీ ఒక్కరికే' అనే చెప్పారు. మూడో వంతుకి ఇస్తున్నది అందుకే. మీది పన్నెండో వాటా. ఆరో వాటా వాడిది వీడియోల వ్యాపారం. ప్రతి గంటకీ పది నిమిషాలు దాటగానే వాడి సరుకంతా ఇంకో చోటికి కాపీ అవుతుంది. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ మిగతా పదకొండు మందికీ ఊపిరాడదు."

పెన్సిలు మాస్టారి వేళ్ళలో ఆగిపోయింది. పది దాటాక నాలుగు నిమిషాలు. చీటీల మీద ఉన్నవి ఈ నిమిషాలే. కానీ ఆ ఆలస్యాలు జరిగింది పాత సర్వర్‌లో కదా. పాత సర్వర్‌కీ ఈ మెషిన్‌కీ ఏం సంబంధం?

"మా వాటా ఒక్కదాన్నే ఇరవై సెకన్లు మూయగలవా? మిగతా వాళ్ళని కదిలించకుండా?"

"మూయగలను." అతను కీబోర్డు ముందు కూర్చున్నాడు. మూడూ యాభై తొమ్మిది.

"ఆగిందండీ" అంది చిలక. "ట్రయల్ పేజీ ఆగింది." అంతలోనే ఆమె గొంతు మారింది. "మాస్టారూ, మీరేం చేస్తున్నారు? మొదటి తెర కూడా పోయింది. అసలుది. నా బండ్లేవీ కనిపించట్లేదు."

"తెరువు బాబూ, వెంటనే తెరువు."

"వచ్చేశాయి" అంది చిలక. ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. "తొమ్మిదీ వచ్చేశాయి."

మాస్టారికి వెనక గదిలో చల్లగా పడి ఉన్న పాత మెషిన్ గుర్తొచ్చింది. అది చచ్చిపోవడం లేదు. దాని చేత ఎవరూ పని చేయించడం లేదు, అంతే. తొమ్మిది బండ్లూ ఇప్పటికే ఈ నల్లటి మెషిన్ మీద నడుస్తున్నాయి.

"చిలకా, ఫోన్ మేడంకి ఇవ్వు."

ఇన్‌ఛార్జి గొంతు తేలిగ్గా ఉంది, వారం తర్వాత మొదటిసారి. "మాస్టారూ, థాంక్సండీ. మీకు నచ్చిందని చెప్పారు. మూడూ నలభై ఐదుకి సంతకం పెట్టేశాను."

"నాకు నచ్చిందని ఎవరు చెప్పారమ్మా?"

"ఆ కన్సల్టెంటు. నా గదికి ఫోన్ చేసి, మీరు పక్కనే ఉన్నారని, చలికి గొంతు పట్టేసిందని అన్నాడు."

"మీ తమ్ముణ్ణి పిలువు. అసలు సర్వీసుని కొత్త మెషిన్ మీదకి ఎప్పుడు మార్చాడో అడుగు."

ఇన్‌ఛార్జి అడిగింది. తర్వాత తమ్ముడి గొంతు దూరం నుంచి వినిపించింది. "ఆదివారం మార్చానక్కా. ఆ కన్సల్టెంటే చెప్పాడు, నిజమైన కాల్స్ మీద చూస్తే తప్ప సర్టిఫికెట్ ఇవ్వనని. వారం చూసి చెబుదామనుకున్నా. సోమవారం ఆలస్యం అయ్యేసరికి చెప్పడానికి భయమేసింది."

"చిలక ఉద్యోగం పోతుంటే చూస్తూ ఊరుకున్నావురా?"

"తిట్లు తర్వాతమ్మా. పాత మెషిన్‌ని వెనక్కి కలపమను" అన్నారు మాస్టారు.

"అది లేదండీ." ఇన్‌ఛార్జి అంది. "సంతకం కాగానే వాళ్ళ వ్యాను వచ్చింది. మూడూ యాభైకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు."

నాలుగూ ఏడు. మాస్టారు టెక్నీషియన్ వైపు చూశారు. ఈసారి అడగక తప్పలేదు. "పది దాటబోతోంది బాబూ. ఆరో వాటా కాపీని ఆపగలవా?"

"ఆపితే నా ఉద్యోగం పోతుందండీ."

"పోతుంది" అన్నారు మాస్టారు.

ఆ మనిషి మఫ్లర్ విప్పి బల్ల మీద పెట్టాడు. వేళ్ళు కీబోర్డు మీద గబగబా కదిలాయి. నాలుగూ పది. నల్లటి మెషిన్ హోరు పెరగబోయి, తగ్గింది. నాలుగూ పదకొండుకి కంట్రోల్ రూమ్‌లో ఫోన్ మోగింది. చిలక చిరునామాని పైకి చదువుతోంది: మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మేడ మీద నుంచి పడ్డ మేస్త్రీ. మాస్టారు సెకన్లు లెక్కపెట్టారు. ఒకటి. రెండు.

"నాలుగో బండి కదిలిందండీ" అంది చిలక.

టెక్నీషియన్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ముందున్న తెర నల్లబడింది. మళ్ళీ వెలిగి పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. తిరస్కరించింది. మళ్ళీ కొట్టాడు.

"నన్ను బయటికి నెట్టేశారండీ" అన్నాడు. "ఐదూ పదికి నేను ఏమీ చేయలేను."

చిలకని లైన్‌లోనే ఉండమని ఆ ఫోన్ అతని చేతిలో పెడుతుండగా, మాస్టారి రెండో జేబులో పాత ఫోన్ మోగింది. తెలియని నంబరు. నాలుగూ పదిహేడు.

"మాస్టారూ, ఈ కంపెనీ నాది." ఎంతో మర్యాదగల గొంతు. "మీ శ్రమ తగ్గిద్దామని చేశాను. పన్నెండు వాటాల సంగతి మీకు తెలిసింది. మిగతా పదకొండు మందికీ తెలియాల్సిన అవసరం లేదు. మెషిన్ బాగుందని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టండి. ఐదు లోపల మీ అంబులెన్సులని నిజంగానే ఒక్కళ్ళకే ఇచ్చే మెషిన్ మీదకి మారుస్తాను. ఇంకెప్పుడూ ఆలస్యం కావు."

"రాయకపోతే?"

"రాయకపోతే ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఒప్పందం మూడేళ్ళు. పాత మెషిన్ అంటారా, ఒప్పందం ప్రకారం అది నాది. వచ్చిన వెంటనే తుడిచేస్తాం."

మాస్టారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి టెక్నీషియన్‌ని అడిగారు. "తుడిచేది ఎక్కడ?"

"కింద. షట్టర్ వెనక. పావుగంట పని."

"వింటున్నారా మాస్టారూ?" అంది ఫోన్‌లో గొంతు. ఆ గొంతు వెనక, వ్యాను వెనక్కి నడుస్తున్నప్పుడు ఆగి ఆగి వేసే కూత వినిపిస్తోంది. మాస్టారు ఫోన్‌ని చెవి నుంచి జానెడు దూరం జరిపారు. అదే కూత, అదే విరామంతో, మెట్ల కిందనుంచి పైకి వస్తోంది. రెండూ ఒక్కసారే ఆగాయి. ఆ తర్వాత ఇనుప షట్టర్ లేస్తున్న చప్పుడు కూడా రెండు వైపుల నుంచీ వచ్చింది.

ఫోన్‌లో మనిషి కిందే ఉన్నాడు; పాత మెషిన్ ఇంకా వ్యాను దిగలేదు. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు.

"వింటున్నాను బాబూ. నాకు చెవులు కాస్త మందం, మొదటినుంచీ నిదానంగా చెప్పు" అంటూ, అడుగు చప్పుడు కాకుండా మెట్లు దిగడం మొదలుపెట్టారు.